అనపగింజల్లో ట్రిప్సిన్‌ను అడ్డుకునే ప్రోటీన్ కోసం వెతకడం ఎలా

బెంగళూరులో డిసెంబర్ వచ్చిందంటే కేఆర్ మార్కెట్ నిండా అనపకాయలే, ఇక్కడివాళ్లు అవరెకాయి అంటారు. ఎంజైమ్ ఇన్హిబిటర్ల (ఎంజైమ్ పనిని అడ్డుకునే పదార్థాల) మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తూ ఏ మొక్క తీసుకోవాలో తేలనివాళ్లు దీంతోనే మొదలుపెట్టండి, ప్రోటీన్లను కోసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌ను అడ్డుకునే ప్రోటీన్ దీని గింజల్లో ఉంటుంది.

ఆకు, కాయతొక్క, లేతగింజ, ఎండుగింజ విడివిడిగా తీసుకోండి. లేతగింజల్ని పితికిపప్పుకి పితికినట్టే పితకండి, ఎండువాటికీ పొట్టు వదిలించండి, టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) ఎక్కువగా ఉండేది అందులోనే. ఒక్కోటి ఒక గ్రాము మెత్తగా నూరి, పీహెచ్ 8 ఉన్న ట్రిస్ బఫర్ 10 మిల్లీలీటర్లలో కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున సెంట్రిఫ్యూజ్ చేసి పైతేట తీసుకోండి, అదే మన సారం. ఆకుని నూరేటప్పుడు టానిన్లను పట్టేసుకునే పీవీపీపీ పొడి తప్పకుండా వేయాలి. ట్రిప్సిన్‌ను మాత్రం బఫర్‌లో కలిపి ఉంచొద్దు, తనను తానే కోసుకుంటుంది. ఒక మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించి ఐస్ మీద పెట్టుకోండి.

మొదటి వడపోతకి పెద్ద మెషీన్ అక్కర్లేదు. డార్క్‌రూమ్‌లో కడిగిన పాతరకం నల్ల ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క చాలు, దాని పూత జెలటిన్ అనే ప్రోటీన్, ట్రిప్సిన్ దాన్ని కోసేస్తుంది. బఫర్‌లో ట్రిప్సిన్‌కి సారం కలిపి 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, ఫిల్మ్ మీద చుక్క పెట్టి, ఎండిపోకుండా తడి దూది ఉన్న డబ్బాలో మూసి, ఓ పావుగంటాగి కుళాయి కింద మెల్లగా కడగండి. ఉత్త ట్రిప్సిన్ పెట్టినచోట నలుపు జారిపోయి గుండ్రంగా తేటపడుతుంది, ఎండుగింజ సారం కలిపినచోట నలుపు అలాగే ఉంటుంది. ఆ రెండు చుక్కలూ పక్కపక్కన చూస్తే ఎంత సంతోషమో!

నలుపు నిలిచిందని వెంటనే ఇన్హిబిటర్ దొరికిందని రాసేయకండి. టానిన్లు ఏ ప్రోటీన్‌నైనా పట్టి ముద్ద చేస్తాయి, ట్రిప్సిన్‌నీ వదలవు. జామాకు సారంతో నాకు బ్రహ్మాండమైన ఫలితం వచ్చింది, పీవీపీపీ వేసి మళ్లీ చేస్తే దాదాపు ఏమీ మిగల్లేదు. అలాగే మరిగించినా పని చేస్తోంది కాబట్టి ప్రోటీన్ కాదనుకోవడమూ తప్పే, ఇలాంటి గింజల్లో ఉండే బౌమన్-బిర్క్ రకం ఇన్హిబిటర్ ప్రోటీన్‌కి దాన్ని గట్టిగా పట్టి ఉంచే ఏడు డైసల్ఫైడ్ బంధాలుంటాయి, కాసేపు మరిగినా తట్టుకుంటుంది.

ఇవన్నీ దాటి నిలిచినవాటికే బాప్నాతో (ట్రిప్సిన్ కోస్తే పసుపు రంగు వదిలే పదార్థం) 410 నానోమీటర్ల దగ్గర లెక్క తీయండి. సారానికి సొంత పసుపు రంగుంటుంది కదా, అందుకే ట్రిప్సిన్ లేని బ్లాంకు ప్రతి శాంపిల్‌కీ విడిగా పెట్టాలి. ట్రిప్సిన్ పని సగానికి తగ్గే దాకా సారాన్ని పలచన చేసుకుంటూ పోండి, పూర్తిగా ఆగిపోయిన చోట ఎంత ఎక్కువ ఉందో తెలియదు. లేతగింజలో నీళ్లెక్కువ కాబట్టి గ్రాముకి కాకుండా, బ్రాడ్‌ఫర్డ్‌తో (ప్రోటీన్ ఎంతుందో రంగుని బట్టి చెప్పే పరీక్ష) కొలిచి మిల్లీగ్రాము ప్రోటీన్‌కి ఎంతో రాయండి, ఆకునీ గింజనీ పోల్చాల్సింది ఆ అంకెతోనే.