పదిహేను వేల లోపు ఫోన్ కొనేముందు డబ్బాను తిరగేసి చూడండి

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ సెల్ దుకాణంలో అడుగుపెట్టినా ముందుగా చెవిన పడేది ర్యామ్ ముచ్చటే. "అన్నా, పన్నెండు జీబీ ర్యామ్, రాకెట్ లెక్క ఉరుకుతది" అంటూ గల్లా పక్కనున్న కుర్రవాడు డబ్బాను మన ముందుకు జరుపుతాడు. అదే డబ్బాను తిరగేసి, ధర అచ్చువేసిన చీటీ మీద చీమ తలకాయంత అక్షరాలను చదివితే, అసలు ర్యామ్ నాలుగు జీబీయేననీ, మిగిలిన ఎనిమిది స్టోరేజ్ నుంచి అరువు తెచ్చుకున్నవేననీ తేలుతుంది. అతను అబద్ధమాడలేదు, సగం చెప్పాడు. పది నుంచి పదిహేను వేల రూపాయల మధ్య రోజువారీ వాడకానికి ఫోన్ కొనేవారికి ఆ మిగతా సగాన్ని అడిగి రాబట్టడమే అసలు పని కాబట్టి, ఏ అంకె దగ్గర ఏ ప్రశ్న వేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఈ అరువు ర్యామ్ సంగతి చూద్దాం. ర్యామ్ వంటగట్టు వంటిదైతే స్టోరేజ్ అటక వంటిది. గట్టు చాలక అటక మీద కొంత చోటు వాడుకుంటే వంట ఆగదు గాని, ప్రతిసారీ నిచ్చెన ఎక్కి దిగవలసి వస్తుంది. స్టోరేజ్ చిప్ ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి, వర్చువల్ ర్యామ్ పేరుతో కలిపి చూపించే అంకెను లెక్కలోంచి తీసివేసి, అసలు ర్యామ్ ఎంత అని మాత్రమే అడగాలి. ఫోన్లు మాట్లాడటం, వాట్సాప్, యూపీఐ చెల్లింపులు, అప్పుడప్పుడు యూట్యూబ్ చూడటం వరకే అయితే నాలుగు జీబీతో నెట్టుకురావచ్చు. మూడు నాలుగేళ్లు వాడదలచినవారు మాత్రం ఆరు జీబీకి తక్కువ తీసుకోకపోవడమే మంచిది.

నా దృష్టిలో ర్యామ్ కంటే ముఖ్యమైనది స్టోరేజ్. దుకాణాల్లో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కొన్నేళ్ల క్రితం మా అమ్మకు 64 జీబీ ఫోన్ ఒకటి కొని, ఆమెకు అది చాలా ఎక్కువ అనుకున్నాను. 64 జీబీ అని రాసినా, అందులో ఆండ్రాయిడ్, ముందే వేసి ఇచ్చిన యాప్‌లు కలిసి దాదాపు 15 నుంచి 20 జీబీ దాకా తీసుకుంటాయి. మిగిలినదాన్ని చుట్టాల గ్రూపుల్లో వచ్చే శుభోదయాలు, బతుకమ్మ వీడియోలు, పెళ్లిపత్రికలు కలిసి ఏడాదిన్నరలో నింపేశాయి. ఒకరోజు ఆమె మందుల దుకాణం ముందు నిలబడి డబ్బు కట్టబోతే, యూపీఐ యాప్ కొత్త వెర్షన్ వేసుకోమని అడిగింది, వేసుకోవడానికి ఫోన్‌లో చోటు లేదు. వెనక వరుసలో నలుగురు ఎదురుచూస్తుండగా ఆమె మనవరాలి ఫోటోలు ఒక్కొక్కటిగా తుడిచేసింది. ఆ రోజు నుంచి ఎవరడిగినా 128 జీబీకి తక్కువ వద్దనే చెబుతున్నాను.

స్టోరేజ్ పరిమాణంతోపాటు దాని రకం కూడా అడగాలి. ఈ ధరలో రెండు రకాలు దొరుకుతాయి. పాత పద్ధతికి చెందిన ఈఎంఎంసీ 5.1 సెకనుకు గరిష్ఠంగా 400 మెగాబైట్ల వరకు చదవగలిగితే, యూఎఫ్ఎస్ 2.2 దానికి రెండు రెట్లకు పైగా చదవగలదు, పైగా చదవడం, రాయడం ఒకేసారి చేయగలదు. ఫోన్ కొత్తగా ఉన్నప్పుడు ఈ తేడా అంతగా తెలియదు. స్టోరేజ్ ముప్పావు భాగం నిండాక, వెనక ఏదో యాప్ అప్‌డేట్ అవుతున్న సమయంలో కెమెరా తెరవబోతే అప్పుడు తెలుస్తుంది. మనవాళ్లు "ఫోన్ హ్యాంగ్ అయితుంది" అనేది చాలాసార్లు ఈ క్షణం గురించే. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీ తెరిస్తే స్టోరేజ్ రకం రాసి ఉండాలి. ఎక్కడా రాయకపోతే ఈఎంఎంసీ అనే అనుకోండి, ఎందుకంటే యూఎఫ్ఎస్ పెట్టిన కంపెనీ ఆ మాట చెప్పుకోకుండా ఉండదు.

ఫోన్‌కు మెదడు వంటిదైన ప్రాసెసర్ విషయంలో పేర్ల గందరగోళంలో పడకుండా, అది ఎన్ని నానోమీటర్ల పద్ధతిలో తయారైందో చూస్తే చాలావరకు సరిపోతుంది. యూనిసాక్ టీ606, మీడియాటెక్ హీలియో జీ85 వంటివి 12 నానోమీటర్లవి, డైమెన్సిటీ 6300 ఆరు నానోమీటర్లది, స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 నాలుగు నానోమీటర్లది. అంకె తగ్గినకొద్దీ సాధారణంగా అదే పనికి తక్కువ బ్యాటరీ ఖర్చవుతుంది, వేడీ తగ్గుతుంది. రామగుండం, మంచిర్యాల ఎండల్లో మే నెల మధ్యాహ్నం బయట తిరిగేవారికి ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే బాగా వేడెక్కిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి వేగాన్నీ, తెర వెలుగునూ తగ్గించుకుంటుంది, చార్జింగ్‌ను కూడా ఆపేస్తుంది.

తెర దగ్గర నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. ఈ ధరలో హెచ్‌డీ ప్లస్ తెర వచ్చిందని బాధపడనక్కర్లేదు, 6.7 అంగుళాల తెర మీద 720 బై 1600 అంటే అంగుళానికి సుమారు 260 చుక్కలు, అది రోజువారీ చదువుకు చాలు. నిజంగా ఇబ్బంది పెట్టేది వెలుగు చాలకపోవడం. ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల పక్కన ఎండలో నిలబడి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, ఎదుటివారి పేరు సరిచూసుకుని, అంకె తప్పు పడకుండా డబ్బు పంపవలసిన రైతుకు 120 హెర్ట్జ్ నునుపుతో, అంటే తెర సెకనుకు 120 సార్లు మారడంతో, పనిలేదు, అక్షరం కనబడాలి. అందుకని దుకాణంలో ట్యూబులైటు కింద చూసి సరేననకుండా, అడిగి ఫోన్‌ను వాకిటి దాకా తీసుకువెళ్లి, వెలుగు పూర్తిగా పెంచి, ఎండ పడేలా పట్టుకుని చూడండి. పనిలో పనిగా భాషను తెలుగులోకి మార్చి, అక్షరాల సైజు ఇంట్లో పెద్దవాళ్లు పెట్టుకునేంత పెంచి చూడండి. 'లక్ష్మి', 'శాస్త్రం' వంటి మాటల్లో కింది ఒత్తులు స్పష్టంగా ఉన్నాయో, పై వరుసలోకి చొచ్చుకుపోతున్నాయో, బటన్ల మీది పేర్లు సగానికి తెగిపోతున్నాయో అప్పుడే బయటపడుతుంది. ఇంగ్లిష్‌లో చక్కగా ఉన్న మెనూ తెలుగులో చిందరవందర కావడం నేను ఒకటి రెండు మోడళ్లలో చూశాను.

కెమెరా గురించి ఎక్కువ చెప్పను. వెనక మూడు కళ్లు కనబడినా, 50 మెగాపిక్సెల్ కెమెరా ఒక్కటే పని చేస్తుంది, పక్కనున్న రెండు మెగాపిక్సెళ్లది అలంకారమే. డాక్టరు చీటీనో, పట్టాదారు పాస్‌పుస్తకంలోని పేజీనో ఫోటో తీసి, పెద్దది చేసి, సర్వే నంబర్ చదవగలిగితే చాలు. సెల్ఫీలు ముఖ్యమనుకునేవారు సాయంకాలం దీపాలు వెలిగాక దుకాణానికి వెళ్లడం మంచిది, పగటి వెలుగులో ప్రతి ఫోన్ బాగానే తీస్తుంది.

నెట్‌వర్క్ విషయంలో మాత్రం ఓపిగ్గా చూడాలి. మన దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. జియో దాన్ని విడిగా నిలబడే ఎస్ఏ పద్ధతిలో నడుపుతుండగా, ఎయిర్‌టెల్ 4జీ ఆధారంగా నడిచే ఎన్ఎస్ఏ పద్ధతితో ప్రారంభించింది. చవక 5జీ ఫోన్లలో కొన్ని ఎస్ఏ ఒక్కదాన్నే పట్టుకోగలవు, కాబట్టి డబ్బా మీద 5జీ అని ఉన్నంత మాత్రాన మీ సిమ్‌తో 5జీ వస్తుందనుకోవడానికి వీల్లేదు. రెండు పద్ధతులూ ఉన్నాయా, ఎన్78 బ్యాండ్ (సిగ్నల్ నడిచే పౌనఃపున్యాల పట్టీ) ఉందా, జియో వాడేవారైతే ఎన్28 కూడా ఉందా అని చూసుకోవాలి. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్. తక్కువ పౌనఃపున్యం కాబట్టి దూరం పోతుంది, గోడలు దాటుతుంది. ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం అడవి ఊళ్లలో ఉండేవారు 5జీ కంటే ముందు 4జీ బ్యాండ్ల జాబితాలో 5, 8 ఉన్నాయో లేదో, బీఎస్ఎన్ఎల్ సిమ్ ఉన్నవారు 1, 28 ఉన్నాయో లేదో చూడాలి. ఊళ్లో పక్కింటివారి ఫోన్‌లో ఏ సిమ్‌కు ఎన్ని గీతలు వస్తున్నాయో చూసి వెళ్లడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయన్న ప్రశ్నకు దుకాణంలో సరైన జవాబు దొరకదు. కంపెనీ వెబ్‌సైట్‌లో చూడవలసిందే. ఆండ్రాయిడ్ వెర్షన్లు ఎన్ని మారతాయి, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి అనేవి రెండు వేర్వేరు లెక్కలు, బ్యాంకు యాప్‌లు వాడేవారికి రెండోది మరింత ముఖ్యం. దసరా, దీపావళి తగ్గింపుల్లో పాత సరుకు కూడా బయటికి వస్తుంది. ఆండ్రాయిడ్ 13 వచ్చింది 2022లో, ఆండ్రాయిడ్ 16 వచ్చింది 2025లో. పెట్టెలోంచి తీసిన ఫోన్ ఆండ్రాయిడ్ 13తో లేస్తే, తగ్గించిన రెండు వేలకు బదులుగా రెండు మూడేళ్ల అప్‌డేట్ల కాలాన్ని మీరు ఇచ్చుకున్నట్టే. డబ్బా మీద తయారీ నెల, సంవత్సరం ఉంటాయి గాని, మోడల్ ఎప్పుడు విడుదలైందో దాన్నిబట్టి తెలియదు, దాన్ని విడిగా వెతకాలి.

బ్యాటరీ ఈ ధరలో దాదాపు అన్నిటిలోనూ 5000 ఎంఏహెచ్ లేదా అంతకు మించి ఉంటోంది. డబ్బాలో చార్జర్ ఉందా లేదా అని మాత్రం అడగండి, లేకపోతే దాని ధర కూడా కలుపుకోవాలి.

సర్వీస్ సెంటర్ ఎక్కడుందన్నది ధరలో భాగమేనని నా లెక్క. భూపాలపల్లిలో ఉండే మనిషికి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ హనుమకొండలో ఉంటే ఇవ్వడానికి ఒకరోజు, తెచ్చుకోవడానికి మరొకరోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. హైదరాబాద్ పంపించాలంటే చెప్పనే అక్కర్లేదు. కొనకముందే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, ఆ మోడల్ తెర పగిలితే మార్చడానికి ఎంతవుతుందని అడగండి. ఫోన్ ధరలో మూడోవంతు దాటిన జవాబు వస్తే, ఆ ఫోన్‌ను జేబులో పెట్టుకుని బైకు నడిపేవారు మరోసారి ఆలోచించాలి.

వాయిదాల మీద కొనేవారు వడ్డీ లేదన్న మాట దగ్గర ఆగకుండా, డౌన్ పేమెంట్, ప్రాసెసింగ్ ఫీజు, నెలవారీ వాయిదాలన్నీ కాగితం మీద కూడి, నగదు ధరతో పోల్చుకోవాలి. నగదుకైతే ఎంతకు ఇస్తారని అడిగినప్పుడు వచ్చే తగ్గింపే చాలాసార్లు ఆ లేని వడ్డీ. ఫైనాన్స్ ఫోన్లలో వాయిదా తప్పితే ఫోన్‌ను బిగించేసే యాప్ ఒకటి వేసి ఉండవచ్చు. చివరి వాయిదా కట్టాక దాన్ని తీయించుకుని, బాకీ లేదన్న కాగితం తీసుకోవడం మరచిపోవద్దు.

డబ్బు కట్టేముందు ఫోన్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ నంబర్లు, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్యలు, కనిపిస్తాయి, రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు ఉంటాయి. అవి డబ్బా మీది నంబర్లతో, బిల్లులోని నంబరుతో కలవాలి. ఇంగ్లిష్‌లో కేవైఎం అనే మూడు అక్షరాలు, ఒక ఖాళీ, ఆ తరువాత పదిహేను అంకెల ఐఎంఈఐ టైప్ చేసి 14422కు మెసేజ్ పంపితే ఆ నంబరు ఏ మోడల్‌దో జవాబు వస్తుంది. పాత ఫోన్ కొనేవారికి ఇది తప్పనిసరి. పాత ఫోన్ అయితే అమ్మేవారి గూగుల్ ఖాతాను వారి చేతనే తీయించి, రీసెట్ చేయించి, మీ ఖాతాతో తెరుచుకున్నాకే డబ్బు ఇవ్వండి, లేకపోతే అది వారి పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది.

ఇక బిల్లు. ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ నుంచి 18 శాతం ఉంది, బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామనే మాట అక్కడి నుంచే వస్తుంది. బిల్లు లేకపోతే వారంటీకీ, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదుకూ చేతిలో ఆధారం ఉండదు. ఫోన్ పోయినప్పుడు 2023 నుంచి దేశమంతటా పనిచేస్తున్న ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో దాన్ని బ్లాక్ చేయించడానికి ఐఎంఈఐ కావాలి, డబ్బా పారేశాక అది చూసుకోవడానికి మిగిలేది ఆ బిల్లే. కాబట్టి ఐఎంఈఐ రాయించిన బిల్లును దుకాణంలోనే ఫోటో తీయండి. కొత్త ఫోన్‌తో తీసినా సరే, ఇంటికి చేరేలోపు దాన్ని ఇంట్లో మరొకరి ఫోన్‌కు పంపండి.