అమ్మని అడ్వాంటేజ్ నుంచి ఒరిజినల్ మెడికేర్‌కి ఎలా మార్చామంటే (నా అనుభవం)

అమెరికాలో అమ్మానాన్నలు ఉన్న మనవాళ్లు తరచూ అడుగుతున్నారని రాస్తున్నాను. అమ్మ ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరైంది. 65 నిండగానే మెడికేర్ (65 నిండినవాళ్లకి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) అడ్వాంటేజ్‌లో, అంటే ప్రైవేటు కంపెనీ నడిపే రకంలో, హెచ్‌ఎంఓ ప్లాన్ (మామూలుగా తమ నెట్‌వర్క్‌లోని డాక్టర్లకే డబ్బు కట్టేది) తీసుకుంది. ఏడాది తిరక్కముందే, జనవరిలో, ఆమె గుండె డాక్టర్ నెట్‌వర్క్‌లోంచి వెళ్లిపోయారు. ప్లాన్ కస్టమర్ కేర్, ఏజెంట్, క్లినిక్ బిల్లింగ్ వాళ్లు, ఎవరి దగ్గరా పని కాలేదు. అందుకే ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్‌కి మార్చాలనుకున్నాం.

పని చేసింది వరస. పాత ప్లాన్‌ని ముందే రద్దు చేయొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఫిబ్రవరిలో మొదట మెడిగ్యాప్ (ఒరిజినల్ మెడికేర్ కట్టని ఖర్చుల కోసం ప్రైవేటు కంపెనీలు అమ్మే అదనపు బీమా) ప్లాన్ జి కి అప్లై చేశాం. 65 ఏళ్లకి మొదటిసారి అడ్వాంటేజ్‌లో చేరి, 12 నెలల లోపే వదిలేస్తున్నారా అన్న ప్రశ్న ఫారంలో ఉంది. అవునని టిక్ పెట్టాం. దీన్ని ట్రయల్ రైట్ అంటారు. అది ఉంటే స్టెంట్ ఉన్నా, షుగర్ ఉన్నా పాలసీ ఇవ్వాల్సిందే. అందుకే ఆరోగ్యం ప్రశ్నల పేజీ ఖాళీగా వదిలేశాం. అప్రూవల్ లెటర్ చేతికొచ్చాకే మెడికేర్ వెబ్‌సైట్‌లో విడి పార్ట్ డి మందుల ప్లాన్‌లో చేర్చాను. దాంతో పాత హెచ్‌ఎంఓ దానంతటదే రద్దయింది. మార్చి 1 నుంచి అన్నీ కొత్తవే.

అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పలేను. అడ్వాంటేజ్‌లో ఉన్నవాళ్లకి ఏటా జనవరి 1 నుంచి మార్చి 31 దాకా మారే వీలుంది కానీ, 12 నెలలు దాటితే చాలా రాష్ట్రాల్లో మెడిగ్యాప్ కంపెనీ ఆరోగ్యం చూసి కాదనొచ్చు. న్యూయార్క్, కనెక్టికట్‌లో ఆ టెన్షన్ లేదు. మీ రాష్ట్రంలోని షిప్ (మెడికేర్ మీద సలహా ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం) కౌన్సెలర్‌ని అడగండి, ఉచితం. మాకు ఈ వరస చెప్పింది అక్కడి ఆవిడే.