వేట విరామంలో రెజిన్ పని: ఒంటిని, చోటును కాపాడుకోవాలంటే

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం. ఫైబర్ బోట్ల మరమ్మతులు ఎక్కువగా ఈ 61 రోజుల్లోనే, మండుటెండల్లోనే జరుగుతాయి. గాజు ఫైబర్‌ను అతికించే జిగురైన రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవం ఆవిరి 31 డిగ్రీల ప్రాంతంలోనే నిప్పు అందుకోగలదు. మే నెలలో మన రేవుల్లో నీడన కూడా అంతకన్నా వేడి ఉంటుంది. బీడీ, పొయ్యి, వెల్డింగ్ ఏవీ ఆ దరిదాపులకు రాకూడదు.

లుంగీ, బనియన్‌తో గ్రైండింగ్‌కు (ఫైబర్‌ను అరగదీసే పనికి) దిగితే రాత్రంతా గోక్కోవలసిందే. పాత కాటన్ ప్యాంటు, నిండు చేతుల చొక్కా, మూసి ఉండే బూట్లు వేసుకోండి. చొక్కా చేతుల అంచులను గ్లవ్స్‌లోకి దోపి టేపు చుట్టండి. అప్పుడు లేచే గాజు నూగు ముందుగా చేరేది మణికట్టు, మెడ దగ్గరే. పని అయ్యాక ఒళ్లు రుద్దకుండా ముందు చన్నీళ్లు పోసుకోండి. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు.

గ్లవ్స్ నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువి కొనండి. జిగురు కడిగే ద్రవమైన అసిటోన్ వాటిలోంచి కూడా నిమిషాల్లో దిగిపోతుంది కాబట్టి తడవగానే మార్చాలి. ముక్కుకు చుట్టిన తువ్వాలు ధైర్యానికే తప్ప రెజిన్ ఆవిరికి అడ్డు కాదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయన ఆవిరిని పట్టే ఫిల్టర్) ఉన్న మాస్కు కావాలి. ఈ ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున నిలుస్తుంది. లోపలికి ఎవరూ ఒంటరిగా దిగవద్దు.

అన్నిటికన్నా భయపడాల్సింది రెజిన్‌ను గట్టిపరిచే ద్రవమైన హార్డ్‌నర్‌కు. ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయవద్దు. పడితే వెంటనే, కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి ఆసుపత్రికి వెళ్లండి. రెజిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే కోబాల్ట్ ద్రవాన్ని, హార్డ్‌నర్‌ను నేరుగా కలిపితే పేలుతుంది. కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డ్‌నర్ పోయాలి. రెండింటికీ ఒకే కొలత గ్లాసు వాడవద్దు.

నా లెక్కలో పని ముగిసే వేళే ఎక్కువ ప్రమాదం. చేతుల జిగురు పోవాలని అసిటోన్‌తో కడుక్కోవడం అందరికీ అలవాటు. అది చర్మంలోని నూనెను లాగేసి రెజిన్‌ను లోపలికి పంపుతుంది. గట్టిపడకముందే కొబ్బరినూనె రాసి తుడిచి, సబ్బుతో కడగండి. హార్డ్‌నర్ కలిపిన రెజిన్ మగ్గులో మిగిలితే మూల పెట్టి వెళ్లవద్దు. దానంతట అదే వేడెక్కి పొగలు కక్కుతుంది, అంటుకోవచ్చు కూడా. బోట్లకు దూరంగా ఆరుబయట పాత రేకు మీద పల్చగా పరవండి. గట్టిపడ్డాక చెత్తలో వేయవచ్చు. అసిటోన్ గుడ్డలను నీళ్లున్న ఇనుప డబ్బాలో ముంచి, మూతపెట్టి బయట ఉంచండి.