మెట్లలోకి పొగ రాకూడదంటే: అగరుబత్తితో మొదలుపెట్టండి

హనుమకొండలో కొత్తగా కట్టిన పెద్ద ఆసుపత్రులు, షాపింగ్ బిల్డింగులు కొన్నిటి టెర్రస్ మీద, మెట్ల గదిని ఆనుకుని ఓ పెద్ద బ్లోయర్ ఉంటుంది. మంటలొచ్చినప్పుడు మెట్లలోకి గాలి కొట్టి, అక్కడ ప్రెషర్ పెంచి, పొగను వరండాలోనే ఆపడం దాని పని. స్విచ్ వేస్తే తిరుగుతుంది, చప్పుడు గట్టిగానే చేస్తుంది, ఓనరు తల ఊపి కిందికి దిగిపోతాడు. కానీ ఫ్యాను తిరిగినంత మాత్రాన పొగ ఆగదు. ఆగుతుందో లేదో తెలియాలంటే ఒక పూట టైము, ఓ అగరుబత్తి కట్ట, సూట్‌కేసు తూచే చిన్న కొక్కెం తక్కెడ ఉంటే చాలు.

ముందు మెట్ల తలుపులన్నీ మూయించండి. సగం చోట్ల కింద ఇటుకో టైలు ముక్కో పెట్టి ఉంటుంది, కొన్నిచోట్ల హ్యాండిల్‌ని సుతిలితో కిటికీ ఊచకి కట్టేస్తారు, అవన్నీ తీయాలి. తర్వాత బ్లోయర్ ఆన్ చేసి, ఏసీలు, వంటగది ఎగ్జాస్ట్, బాత్‌రూమ్ ఫ్యాన్లు రోజూలాగే నడవనివ్వండి. అవన్నీ ఆపేసి టెస్ట్ చేస్తే వచ్చే రిజల్ట్ ఎందుకూ పనికిరాదు. ఇప్పుడు వరండా వైపు నిలబడి తలుపు కింది సందు దగ్గర అగరుబత్తి పట్టండి. పొగ మీ వైపు తన్నుకొస్తే మంచిదే, సందులోంచి మెట్లలోకి పాకితే ఆ అంతస్తులో సిస్టమ్ లేనట్టే లెక్క. ప్రతి అంతస్తులో ఇలాగే చూడాలి. పైనుంచి ఒక్కచోటే గాలి కొట్టే బిల్డింగుల్లో పరిస్థితి కాకతీయ కాలువ చివరి ఆయకట్టు లాంటిది, పైవాళ్లకు పుష్కలం, కిందికొచ్చేసరికి తడి కూడా ఉండదు. తర్వాత గ్రౌండ్ ఫ్లోర్ తలుపు బార్లా తెరిచి మళ్లీ చూడండి. నిజంగా మంటలొస్తే జనమంతా ఆ తలుపులోంచే బయటికి పోతారు కదా, అది తెరిచే ఉంటుంది. చాలా డిజైన్లు బోల్తా పడేది ఇక్కడే.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం వరండాలో కన్నా మెట్లలో 50 పాస్కల్ ప్రెషర్ ఎక్కువ ఉండాలి. వినడానికి పెద్దగా ఉంది గానీ, యూ ఆకారంలో వంచిన ట్యూబులో నీళ్ల మట్టానికి 5 మిల్లీమీటర్ల తేడా, అంతే. పారదర్శకంగా ఉండే లెవెల్ పైపు ముక్కతో మేస్త్రీ కూడా ఇది చూడగలడు.

తక్కువైతే పొగ వస్తుంది, ఎక్కువైతే తలుపు రాదు. మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు తలుపు మీద 50 పాస్కల్ అంటే సుమారు 10.7 కిలోల తోపుడు. ఒకవైపు కీలు ఉంది కాబట్టి హ్యాండిల్ దగ్గర 6 కిలోల దాకా తెలుస్తుంది, డోర్ క్లోజర్ స్ప్రింగ్ మరో 5 కిలోలు అనుకోండి. మొత్తం 11. తలుపు తీయడానికి 133 న్యూటన్లు, అంటే పదమూడున్నర కిలోలు మించకూడదని లెక్క, కాబట్టి పర్వాలేదు. అదే ప్రెషర్ 100కి పోతే 16 కిలోలు దాటుతుంది, మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ ఎవరైనా తీయగలదా? తక్కెడ కొక్కేన్ని హ్యాండిల్‌కి తగిలించి, తలుపు తెరుచుకునే వైపు లాగి చూడండి. ఎక్కువ చూపిస్తే టెర్రస్ మీద ప్రెషర్ వదిలే రేకు రెక్క దగ్గరికి వెళ్లండి. అది తుప్పు పట్టి బిగుసుకుపోయో, వెనక పావురం గూడు పెట్టో ఉంటుంది.

నేను తిన్న దెబ్బ ఒకటి చెప్తాను. ఒక ఆసుపత్రిలో అన్నీ సెట్ చేసి ఇచ్చాం, ఆరు నెలల తర్వాత వెళ్తే ఏ అంతస్తులోనూ అగరుబత్తి పొగ కదలట్లేదు. బెల్టు చూశాం, ఫిల్టర్ చూశాం, ఒక రోజంతా పోయింది. తీరా చూస్తే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ రిపేరులో ఫేజులు తారుమారై మోటారు ఉల్టా తిరుగుతోంది. చక్రం తిరుగుతూ గాలిని అంచులకు విసిరే సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ ఉల్టా తిరిగినా గాలి అదే వైపు వస్తుంది, బలం మాత్రం బాగా తగ్గిపోతుంది, అందుకే చెయ్యి పెట్టి చూసినవాడికెవడికీ అనుమానం రాలేదు. కేసింగ్ మీద బాణం గుర్తు ఉంటుంది, ఆపేటప్పుడు చక్రం ఎటు తిరుగుతోందో చూడండి. కరెంటు పని జరిగిన ప్రతిసారీ చూడండి.

సెల్లార్ సంగతి వేరు. అక్కడ పొగను బయటికి లాగాలి. కార్ల పార్కింగులో మామూలుగా గంటకు 6 సార్లు, మంటలప్పుడు 12 సార్లు గాలి మారాలి. 10,000 చదరపు అడుగులు, 10 అడుగుల ఎత్తు అనుకుంటే లక్ష ఘనపుటడుగులు, దాన్ని గంటకు 12 సార్లు మార్చాలంటే నిమిషానికి 20,000. ఫ్యాను ఆ సైజుది తెస్తారు, సరే. లోపలికి వచ్చే గాలి ఎక్కడిది? ర్యాంపు నుంచి. రాత్రి పదికి వాచ్‌మన్ ర్యాంపు షటర్ దింపేస్తాడు! ఇక ఫ్యాను ఊపిరాడక గింజుకోవడమే. షటర్ జాలీదైనా ఉండాలి, లేదా గాలికి వేరే దారి ఉండాలి. ఆ దారి ఫ్యాను పక్కనే ఉంటే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, అవతలి మూల పొగ అక్కడే కూర్చుంటుంది. ఫ్యాను నేమ్‌ప్లేట్ మీద 250 డిగ్రీలు, 2 గంటలు అని, అంటే అంత వేడిలోనూ అంతసేపు తిరగగలదని, ఉందో లేదో కూడా చూసుకోండి.

కేబుల్ షాఫ్టుల్లో, ఫాల్స్ సీలింగ్ పైన గోడ ఆగిపోయిన చోట కన్నాలుంటాయి, టార్చి వేసి వెతకండి. మామూలు ఫోమ్ కొట్టి మూయకండి, మంటకు అదే అంటుకుంటుంది. ఫైర్ సీలెంటు వాడండి.

చివర్లో మెయిన్ ఆపించండి. ఫైర్ సిబ్బంది వచ్చీ రాగానే బిల్డింగు కరెంటు తీసేస్తారు కాబట్టి బ్లోయర్‌కి విడిగా లైను, జనరేటర్ బ్యాకప్ ఉండి తీరాలి. జనరేటర్ నడుస్తుండగా టెర్రస్ ఎక్కి దాని సైలెన్సర్ గొట్టం ఎక్కడ తేలిందో చూడండి. బ్లోయర్ గాలి పీల్చే మూతికి దగ్గర్లో ఉంటే మెట్లలోకి డీజిల్ పొగ మనమే కొడుతున్నట్టు, గొట్టాన్ని దూరంగా జరిపించి అగరుబత్తి మళ్లీ వెలిగించండి.