ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడపడం – 5వ పాఠం: కమ్యూనిటీ మేనేజరు, జీతం డబ్బు

ఓపెన్ సోర్స్ అంటే కోడ్‌ను ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకునేలా అందరి ముందూ పెట్టడం. గత పాఠంలో దానికి లైసెన్సు ఎంచుకున్నాం, అందరూ పాటించాల్సిన మర్యాద నియమాలు రాసుకున్నాం. మన అభ్యాసానికి ఊహించుకున్న ప్రాజెక్టు రొయ్యల గుంటల లెక్కలు తెలుగులో రాసుకునే ఆప్. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉప్పుశాతం, పూటపూటకూ వేసిన మేత, చెక్ ట్రేలో మిగిలింది, పట్టుబడి నాటి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) అన్నీ అందులోకి ఎక్కుతాయి. కోడ్ రాసేది ఒంగోలు, నెల్లూరు కుర్రాళ్లు నలుగురు, అదీ ఉద్యోగాలయ్యాక రాత్రిళ్లు. వాడేది కొత్తపట్నం నుంచి ముత్తుకూరు దాకా ఉన్న రైతులు.

ఇప్పుడు వాడేవాళ్లు పెరిగారు. రోజూ ఫోన్లు, వాయిస్ మెసేజులు. ఇంజనీరింగ్ విద్యార్థి ఒకరు ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపి మూడు వారాలుగా ఎదురుచూస్తున్నారు. కోడ్ రాసేవాళ్లకు జవాబు చెప్పే తీరిక లేదు. ఇక్కడే కమ్యూనిటీ మేనేజరు కావాలి. రైతు చెప్పిన బాధను ఇష్యూగా, అంటే ప్రాజెక్టు సమస్యల జాబితాలో ఒక పద్దుగా రాయడం, కొత్తగా వచ్చినవాళ్లకు చేయగలిగిన పని చూపించడం, మెయింటెయినర్లు (కోడ్‌లో ఏది చేరాలో తేల్చేవాళ్లు) తీసుకున్న నిర్ణయాన్ని వాడేవాళ్లకు విడమరిచి చెప్పడం, తగువు ముదరకముందే పిలిచి మాట్లాడటం ఆ మనిషి పని. ఇది పూర్తి స్థాయి పని. తీరిక దొరికినప్పుడు చూసుకుందాంలే అనుకుంటే జరగదు.

చాలామంది ముందు మనిషిని వెతికి, తర్వాత జీతం ఎవరిస్తారా అని చూస్తారు. మీరు అలా చేయకండి. డబ్బు ఎటునుంచి వస్తుందో తేలితే గానీ ఆ మనిషి ఎవరి మాట వింటాడో తేలదు.

మన ఆప్ సంగతే చూడండి. ఒక మేత కంపెనీ వచ్చి, "మేనేజరు జీతం మొత్తం మేమిస్తాం" అంటుంది. షరతులేమీ పెట్టదు, మంచి మనసుతోనే ఇస్తుంది. ఆరు నెలలకు వాళ్ల మేత పేరు జాబితాలో మొదట కనిపించేలా మార్చమని అడుగుతుంది. అదే వారం ఒక రైతు, మేత లెక్క తప్పు చూపిస్తోందని ఇష్యూ పెడతాడు. మేనేజరు ముందు దేన్ని పైకి తెస్తాడు? ఎంత నిజాయితీపరుడైనా చెయ్యి తడబడుతుంది. చెరువు కింద మడులకు నీళ్లు వదిలే మనిషికి ఆయకట్టు రైతులంతా కల్లం దగ్గర తలా ఇంత ధాన్యం మేరగా కొలిచేవారు. ఒక్క మోతుబరే కొలిచి ఉంటే చివరి మడికి నీళ్లు అందేవి కావు.

పెద్ద ప్రాజెక్టుల్లో రెండు దారులూ కనిపిస్తాయి. ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2006 నుంచి 2014 దాకా జోనో బేకన్ కమ్యూనిటీ మేనేజరు; జీతం దాన్ని తయారుచేసే కానానికల్ కంపెనీది. 2010లో డెస్క్‌టాప్‌ను యూనిటీ అనే కొత్త రూపానికి మార్చాలని కంపెనీ నిర్ణయించినప్పుడు వాలంటీర్లలో చాలామందికి అది నచ్చలేదు. అలాంటప్పుడు మధ్యలో నిలబడే మనిషి కంపెనీ ఉద్యోగే అయితే, ఎంత నేర్పున్నా ఆ కుర్చీలో ఇబ్బంది తప్పదు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో వేరే దారిలో వెళ్లింది. 2014లో ఆ ప్రాజెక్టు ఫౌండేషన్ విరాళాలు పోగుచేసి 'ఫెలో' అనే పనికి జీతం ఇవ్వడం మొదలుపెట్టింది. ఫెలో టికెట్లు (వచ్చిన ఫిర్యాదులు, కోరికలు) వేరుచేస్తారు, వచ్చిన ప్యాచ్‌లు చూస్తారు. అది అచ్చంగా కమ్యూనిటీ మేనేజరు పని కాదు. కానీ వాలంటీర్లు ఎదురుచూస్తూ విసిగిపోకుండా చూసే మనిషికి అందరి డబ్బుతో జీతం ఇవ్వొచ్చని చూపించింది. మనకు ఈ రెండో దారే మేలని నా గట్టి అభిప్రాయం.

లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి జీతాలను బట్టి మార్చుకోండి. వారానికి 20 గంటల పనికి నెలకు 25,000 అనుకుంటే ఏడాదికి 3,00,000. గుంటల దగ్గరికి ప్రయాణాలు, ఫోను, చిన్న సమావేశాలకు నెలకు 5,000 చొప్పున 60,000. మూడు నెలల ఖర్చు నిల్వగా 90,000. మొత్తం 4,50,000. ఇందులో ఏ ఒక్కరి దగ్గరా మూడో వంతుకు, అంటే 1,50,000కు మించి తీసుకోకూడదని ముందే రాసుకోండి. మేత కంపెనీ ఇస్తానంటే వద్దనక్కర్లేదు, ఆ గీత లోపల తీసుకోండి. మిగతాది రైతు సంఘాలు, సీడ్ హేచరీలు, ల్యాబులు, వాడుకునే రైతుల చిన్న చిన్న చందాలు. మొత్తం చేతికి రాకుండా మనిషిని పెట్టుకోవద్దు. నాలుగో నెలలో జీతం ఆగితే పోయేది జీతం ఒక్కటే కాదు, ఆ మనిషిని నమ్ముకుని వచ్చినవాళ్లు కూడా.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? ఒకరి సొంత ఖాతాలో మాత్రం వద్దు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు కలిసి సొసైటీ పెట్టుకోవచ్చు. విదేశీ విరాళం జోలికి తొందరపడి వెళ్లకండి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా సొసైటీ దాన్ని తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. మన దేశంలో షేర్ల లావాదేవీల కంపెనీ జెరోధా 2024లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసం మొదలుపెట్టిన ఫ్లాస్ ఫండ్ ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా కేటాయించింది. ఒక్కో ప్రాజెక్టుకు 10,000 నుంచి 1,00,000 డాలర్లు. అయితే అది ఇప్పటికే బాగా వాడుకలో ఉన్న ప్రాజెక్టుల కోసం. మన ఆప్ అక్కడిదాకా ఎదగాలి.

ఇక మనిషి. బయట ప్రకటన ఇచ్చేముందు గత ఆరు నెలల ఇష్యూలు తిరగేయండి. అడక్కుండానే కొత్తవాళ్లకు జవాబు చెబుతున్నది ఎవరు? జవాబు చెప్పి వదిలేయకుండా, పని అయిందా లేదా అని మళ్లీ వచ్చి చూసింది ఎవరు? అలాంటి పేరు ఒకటో రెండో తప్పక దొరుకుతాయి. వాళ్లకు కోడ్ అంతగా రాకపోవచ్చు, ఫరవాలేదు. మీలో బాగా కోడ్ రాసేవాళ్లను మాత్రం ఈ పనిలో కూర్చోబెట్టకండి. రెండు పనులూ చెడతాయి.

ఇద్దరు ముగ్గురు తేలాక ఒక్కొక్కరికీ ఈ మూడు ఇచ్చి జవాబు రాయమనండి. ఒకటి, కొత్తపట్నం రైతు వాయిస్ మెసేజు: "ఏందబ్బాయ్, వారం రోజుల మేత లెక్క మొత్తం పోయింది. మీకు ఆటగా ఉందా?" రెండు, విద్యార్థి పంపిన మొదటి ప్యాచ్, శ్రమ కనిపిస్తోంది కానీ పని చేయదు. మూడు, చందా ఇచ్చిన కంపెనీ నుంచి, తమ మార్పును వచ్చే రిలీజులోనే పెట్టాలన్న ఒత్తిడి. రైతుకు క్షమాపణతో ఆగకుండా లెక్క తిరిగి తేవడానికి ఏం అడిగారో చూడండి. విద్యార్థి మళ్లీ ప్రయత్నించేలా రాశారా? కంపెనీకి మర్యాదగా, కానీ అర్థమయ్యేలా కాదని చెప్పగలిగారా? మూడోది రాయలేనివాళ్లను నేనైతే తీసుకోను. ఆ తర్వాత ఒక నెల జీతమిచ్చి పని చేయించి చూడండి. ఉచితంగా చేయించుకోవడం అన్యాయం.

ఒక జాగ్రత్త. మేనేజరు పదవితో పాటు రిపోజిటరీ తాళాలు, అంటే కోడ్ మార్చే అధికారం ఇచ్చేయకండి. ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ల సైజు తగ్గించే చిన్న కోడ్ లైబ్రరీని లాసే కాలిన్ చాలా కాలం దాదాపు ఒంటరిగా నడిపారు. 2022లో ముఖం తెలియని పేర్లు కొన్ని, పని నెమ్మదిగా సాగుతోంది, ఇంకొకరికి అప్పగించమంటూ ఆయన్ని నిలదీశాయి. ఓపికగా సాయం చేస్తూ వచ్చిన 'జియా టాన్' అనే పేరుకు క్రమంగా అధికారం దక్కింది. 2024లో 5.6.0, 5.6.1 రిలీజుల్లోకి, బయటివాళ్లు కంప్యూటర్లలో చొరబడే దొంగ దారి చేరింది. లాగిన్ కాస్త ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తరచి చూడబట్టి ఆ మార్చి నెలాఖరులో బయటపడింది. ఆ నిలదీతలకు జవాబు చెప్పడానికి కాలిన్ పక్కన ఇంకో మనిషి ఉండి ఉంటే అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఒత్తిడికి అడ్డం నిలబడటం మేనేజరు పని. కోడ్‌లో ఏది చేరాలో తేల్చడం మెయింటెయినర్ల పని.

ఒప్పందంలో మూడు మాటలు తప్పనిసరి: గడువు ఒక ఏడాది, జవాబుదారీ సొసైటీ కమిటీకే గానీ దాతలకు కాదు, చందాలూ ఖర్చులూ మూడు నెలలకోసారి అందరి ముందూ పెట్టాలి.

అభ్యాసం: మీ ప్రాజెక్టుకు ఏడాది ఖర్చు లెక్క వేసి, దాతల జాబితా రాయండి. ఎవరి వాటా అయినా మూడో వంతు దాటితే, ఆ తేడా పూడ్చడానికి ఇంకో ఇద్దరి పేర్లు చేర్చండి. తర్వాత పైన చెప్పిన మూడో పరీక్షకు, కంపెనీకి పంపే జవాబును పది వాక్యాలు మించకుండా మీరే రాయండి. 6వ పాఠంలో ఆ జవాబులను దగ్గర పెట్టుకుని, మేనేజరు మొదటి 90 రోజుల పని వేసుకుందాం.