గోడ చెమ్మెక్కితే, పెచ్చులూడితే, ఆర్‌సీసీబీ పడిపోతే: కోస్తా ఇళ్లకు సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంటికి ఏడాదిలో మూడు దెబ్బలు. రోహిణి కార్తె ఎండకు రోళ్లే పగులుతాయంటారు, శ్లాబు ఎంత? జూన్ నుంచి ముసురు ఆ పగుళ్లలోకి దిగుతుంది. అక్టోబరు, నవంబరు వాయుగుండాలు వానను పక్కనుంచి గోడకేసి కొడతాయి. మరమ్మతుకు మంచి కాలం మార్చి నుంచి మే దాకా. మేస్త్రి కోసం వెతకడం మాత్రం ఆగస్టులో మొదలవుతుంది.

మరక కనిపించే చోటు వేరు, నీళ్లు దిగే చోటు వేరు. దిగే చోటు దొరికేదాకా వాటర్‌ప్రూఫ్ డబ్బా కొనకండి.

సమస్య: సీలింగ్ మీద టీ డికాక్షన్ రంగు మరక

ముందు అది ఎప్పుడు తడుస్తోందో చూడండి. వాన లేని రోజుల్లోనూ తడిగా ఉంటే పైబాత్రూమునో, గోడలోని పైపునో, ట్యాంకు ఓవర్‌ఫ్లోనో అనుమానించాలి. వాన మొదలైన గంటలోపే చుక్క పడితే పగులు తెరుచుకుని ఉన్నట్టు. వాన వెలిశాక ఒకటి రెండు రోజులకు మరక పెరుగుతోందంటే డాబా మీద నీళ్లు నిలిచి, మెల్లగా ఇంకుతున్నాయి.

డాబా ఎక్కి మొదట తూములు చూడండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 9,300 లీటర్లు. ఒకే తూము ఉండి, దానికి వేపాకులో పాలిథిన్ కవరో అడ్డం పడిందంటే డాబా చెరువే. కనీసం రెండు తూములు, 4 అంగుళాల పైపులు, మూతికి జాలీ ఉండాలి.

తర్వాత పిట్టగోడ, శ్లాబు కలిసే గీత. లీకుల్లో చాలావాటికి పుట్టిల్లు ఇదే. ఎండకు శ్లాబు సాగినంతగా ఇటుక పిట్టగోడ సాగదు. అందుకని ఆ మూల వెంబడే వెంట్రుకంత పగులు పడుతుంది. పైకి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. మూల మీద మగ్గుడు నీళ్లు పోసి, పైన ఆరనివ్వండి. చుట్టూ ఆరిపోయినా సన్నని నల్లగీత మిగిలిందంటే అదే దారి.

ఇంకా తేలకపోతే నీళ్లు కట్టి చూడాలి. డాబా అంతా ఒకేసారి వద్దు. బంకమట్టితో 3 అంగుళాల గట్టు వేసి, ఒక్కో భాగంలో 2 అంగుళాల నీళ్లు నింపి 48 గంటలు ఉంచండి. కింద మరక అంచును పెన్సిల్‌తో గీసి, తేదీ రాయండి. ఏ భాగానికి గీత దాటిందో అదే దోషి. కింద ఇప్పటికే పెచ్చులూడి చువ్వ కనిపిస్తుంటే మాత్రం ఈ పరీక్ష చేయకండి. 2 అంగుళాల నీళ్లంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు.

*పరిష్కారం:* పగులును 10 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతున వి-ఆకారంలో చెక్కి, దుమ్ము దులిపి, కడిగి ఆరబెట్టాలి. శ్లాబు మధ్య పగులైతే పాలిమర్ కలిపిన సిమెంటు చాలు. పిట్టగోడ మూల ఎండకు ఏటా కదులుతుంది. అక్కడ వట్టి సిమెంటు పెడితే వచ్చే మే నెలకు మళ్లీ చీలుతుంది, సాగే గుణమున్న పాలీయురేథేన్ సీలెంటే నింపాలి. దానిమీద మూలను ఏటవాలుగా సిమెంటుతో గుండ్రం తిప్పించండి. ఆపైన డాబాకు వాటర్‌ప్రూఫ్ కోటింగు రెండు పొరలు: మొదటిది తూర్పు-పడమరలకైతే రెండోది ఉత్తర-దక్షిణాలకు. మూలల్లో రెండు పొరల మధ్య ఫైబర్ జాలీ ఉండాలి. పిట్టగోడ మీదికి అడుగెత్తు దాకా పూయాలి. మిట్టమధ్యాహ్నం పూస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. తడి శ్లాబు మీద పూస్తే లోపలి ఆవిరికి బొబ్బలు లేస్తాయి. ఆగస్టు మరమ్మతులు ఏడాది తిరక్కుండా ఊడిపోయేది అందుకే. వానాకాలంలోనే లీకు బయటపడితే టార్పాలిన్‌ను పిట్టగోడ మీదుగా బయటికి వేలాడేలా పరిచి, ఇసుక సంచులు పెట్టి ఎండలదాకా నెట్టుకురండి.

సమస్య: గోడకు చెమ్మ, బీరువా వెనక బూజు

అడుగు చదరం పాలిథిన్ షీటును గోడకు ఆనించి, నాలుగంచులా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. గదివైపు నీటి బిందువులుంటే గాలిలోని తేమ చల్లటి గోడ మీద పేరుకుంటోంది. గోడవైపు ఉంటే చెమ్మ లోపలినుంచి వస్తోంది.

మొదటిదైతే బీరువాను గోడకు 3 అంగుళాలు ఎడంగా జరపండి. వర్షం లేని మధ్యాహ్నం కిటికీలు ఎదురెదురుగా తెరవండి. బట్టలు గదిలో ఆరేయడం మానండి. బూజును పొడిగా దులిపితే గదంతా వ్యాపిస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే బ్లీచింగు నీళ్లు. యాసిడ్ ఉన్న బాత్రూము క్లీనర్‌ను బ్లీచింగుతో కలిపితే విషవాయువు పుడుతుంది, రెండూ ఒకచోట వాడొద్దు. కర్పూరం, కలరా ఉండలు తేమను పీల్చవు, వాసన మాత్రం మారుస్తాయి.

చెమ్మ నేలనుంచి రెండు మూడు అడుగులు ఎక్కి, పైన తెల్లగా ఉప్పు పిండి తేలితే నేలలోని నీరు గోడ పీలుస్తోంది. కట్టినప్పుడు ఉప్పునీళ్లో, ఉప్పు ఇసుకో వాడి ఉంటే ఆ ఉప్పే గాలిలోని తేమను కూడా లాగుతుంది. ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి బయట పారేయండి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. చెమ్మ గీతకు అడుగు పైదాకా పాత ప్లాస్టరింగు కొట్టించి, ఇటుక పూర్తిగా ఆరాకే కొత్తది వేయించండి. దానిమీద పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వద్దు. తడి బయటికి పోయే దారి లేక అట్టలుగా లేస్తాయి. సున్నమే మేలు, మన పాత ఇళ్లకు అదే ఉండేది.

సమస్య: శ్లాబు అడుగున పెచ్చులు ఊడి తుప్పు చువ్వ కనిపించడం

ఉప్పుగాలికి, తడికి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు కోరుతుంది కాబట్టి కింది కాంక్రీటును తోసేస్తుంది. ఊడిన చోట మాత్రమే పూత పెడితే పక్కనే మళ్లీ ఊడుతుంది. చిన్న సుత్తితో చుట్టూ తట్టండి. డొల్ల మోత వచ్చినంత మేరా కొట్టేయాలి. చువ్వ వెనక వేలు దూరేంత చెక్కి, వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టారు పొరలుగా నింపాలి. పై లీకు ఆపకుండా కింద చేయిస్తే డబ్బు దండగ. చువ్వ బాగా సన్నబడిందనిపించినా, దూలానికో స్తంభానికో పగులు వచ్చినా మేస్త్రితో సరిపెట్టుకోక స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.

సమస్య: వాన పడగానే ఆర్‌సీసీబీ పడిపోవడం

ఆర్‌సీసీబీ అంటే కరెంటు లీకైతే సరఫరాను దానంతటదే తెంపేసే స్విచ్చు. అది పడిందంటే ఎక్కడో కరెంటు తడిలోకి కారుతోంది. పొడి చేతులతో, చెప్పులు వేసుకుని ఎంసీబీలన్నీ (ఒక్కో లైనుకు ఉండే స్విచ్చులు) దించి, ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ రండి. దేనికి పడిందో ఆ లైను మీద ఉన్నవన్నీ ప్లగ్గు తీసి మళ్లీ చూడండి. ఎక్కువగా దొరికే దొంగలు: గేటు లైటు, కాలింగ్ బెల్లు, డాబా మీది మోటారు స్విచ్చు, ఏసీ బయటి యూనిట్. అన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవకపోతే న్యూట్రల్‌లో తేడా ఉండవచ్చు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. అప్పుడిక ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (వైరు ఇన్సులేషన్‌ను కొలిచే పరికరం) పెట్టి చూడాల్సిందే.

బయటి బాక్సులోకి పైపు పైనుంచి దిగితే నీళ్లూ దాని వెంటే దిగుతాయి. వైరును బాక్సు కన్నా కిందికి వంచి, అడుగునుంచి పైకి ఎక్కించాలి. విసుగెత్తి ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టు ఇప్పించుకోకండి. అది పడిపోతోందంటే పని చేస్తోందన్నమాట. నెలకోసారి టెస్టు బటన్ నొక్కి చూడండి. మెయిన్ బోర్డులోకే నీళ్లు చేరితే ముట్టుకోకుండా విద్యుత్ శాఖకు ఫోన్ చేసి స్తంభం దగ్గర ఆపించండి.

సమస్య: తుపాను జల్లుకు కిటికీ నుంచి నీళ్లు

2014 అక్టోబరు 12న విశాఖ మీదికి వచ్చిన హుద్‌హుద్ తుపాను గాలి గంటకు 170-180 కిలోమీటర్లు. ఆ వేగానికి వాన అడ్డంగా వస్తుంది, సన్‌షేడ్ ఉన్నా లేనట్టే. స్లైడింగ్ కిటికీ పట్టాలకు బయటివైపు చిన్న రంధ్రాలుంటాయి. దుమ్ముతో పూడితే పట్టా నిండి లోపలికి పొర్లుతుంది. పట్టాలో మగ్గుడు నీళ్లు పోస్తే నిలవకుండా బయటికి పోవాలి. ఫ్రేము చుట్టూ సిలికాన్ పెట్టేవాళ్లు ఆ రంధ్రాలనూ మూసేస్తుంటారు, దగ్గరుండి చూసుకోండి. అద్దాల మీద అడ్డంగా టేపు అంటించడం వల్ల అద్దం పగలడం ఆగదు. ప్లైవుడ్ పలకలు ముందే కొలతకు కోసి, నంబర్లు వేసి పెట్టుకోవాలి. డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే ఎగిరిపోతుంది. 1,000 లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, హెచ్చరిక రాగానే నింపేయండి.

సమస్య: తలుపు బిగుసుకుపోవడం

వానాకాలంలో చిత్రిక పట్టించకండి. ఎండలు రాగానే అదే తలుపుకు సందు పడుతుంది. అప్పటిదాకా రాసుకునే అంచుకు కొవ్వొత్తి రుద్దండి. అసలు లోపం తలుపు పై అంచుకు, అడుక్కు రంగు వేయకపోవడం. ఏప్రిల్‌లో తలుపు దించి ఆ రెండు అంచులకూ రెండు పూతలు వేయించండి.

సమస్య: వరద నీళ్లు సంపులోకి చేరడం

మోటారు వేయకముందే స్విచ్చు దించి, నీళ్లు తోడించి, బురద తీసి గోడలు రుద్దించండి. మంచినీళ్లు నింపి, ప్రతి 1,000 లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగు పౌడరు లెక్కన వాడాలి. పౌడరును ప్లాస్టిక్ బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయండి. పాత పొట్లం ఘాటు వాసన రాకపోతే పనికిరాదు. మోటారు వేసి ప్రతి కుళాయిలోనూ ఆ వాసన వచ్చేదాకా వదిలి, 24 గంటలు అలాగే ఉంచాలి. ఆ నీళ్లు తాగడానికి, మొక్కలకు పనికిరావు. మొత్తం పారబోసి, ఓసారి కడిగి, అప్పుడు నింపుకోండి.