ఇంట్లోనే కలనం (కాల్క్యులస్) – 3వ పాఠం: గోదావరి ఇప్పుడు ఎంత వేగంగా ఎక్కుతోంది?

పోయిన పాఠంలో అవధి (లిమిట్) చూశాం, అంటే ఒక విలువ దేనికి దగ్గరవుతూ పోతుందో అది. ఆ లెక్కలు చేయనివాళ్ళు ముందు అవి పూర్తి చేసి రండి. ఈ రోజు పని అంతా దానితోనే.

వరద రోజుల్లో లంకల్లో "నీరు ఎంత ఉంది?" అని అడిగి ఊరుకోరు. "గంటకి ఎంత ఎక్కుతోంది?" అని కూడా అడుగుతారు. మా తాతయ్య రేవులో కర్ర పాతి, గంటకోసారి దాని మీద గీత పెట్టేవారు. గొడ్లను ఇప్పుడే గట్టు మీదకి తోలాలా, కాసేపు ఆగొచ్చా అన్నది ఆ గీతల మధ్య ఎడం చూసి చెప్పేవారు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఉదయం 6 గంటలకు అక్కడ 9 అడుగులు ఉందనుకుందాం. అక్కడి నుంచి గడిచిన గంటలను టీ అనుకుంటే, అప్పటి మట్టం అడుగుల్లో:

9 + టీ²/10

నిజం గోదావరి ఇంత త్వరగా ఎక్కదు, ఇలా సూత్రం ప్రకారం అసలే ఎక్కదు. చేత్తో చేసుకోవడానికి వీలుగా ఉంటుందని ఇలా తీసుకున్నాను.

సరిగ్గా 10 గంటలకు, అంటే టీ = 4 దగ్గర, నీరు ఎంత వేగంగా ఎక్కుతోంది?

10 గంటలకు మట్టం 10.6. 11 గంటలకు 11.5. గంటలో 0.9 అడుగు ఎక్కింది. కానీ అది ఆ గంట మొత్తానికి సగటు. అరగంటే తీసుకుంటే 0.425 ÷ 0.5 = 0.85. ఆరు నిమిషాలకు 0.081 ÷ 0.1 = 0.81. ముప్ఫై ఆరు సెకన్లకు 0.801. ఇవన్నీ పెన్ను పట్టుకుని మీరే చేయండి, చదివి వదిలేస్తే పట్టుబడదు. 0.9, 0.85, 0.81, 0.801... ఎటు పోతున్నాయో కనిపిస్తోంది కదా.

ఇప్పుడు ఏ సమయానికైనా పనికొచ్చేలా చేద్దాం. చిన్న వ్యవధిని హెచ్ అనుకోండి. ఎక్కిన ఎత్తును హెచ్‌తో భాగిస్తే:

[(టీ + హెచ్)² – టీ²] ÷ (10 × హెచ్) = టీ/5 + హెచ్/10

హెచ్ సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మిగిలేది టీ/5. ఇదే అవకలజం (డెరివేటివ్), అంటే సరిగ్గా ఆ క్షణాన మట్టం మారే వేగం. టీ = 4 పెడితే గంటకు 0.8 అడుగు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. హెచ్ సున్నా కాదన్నాం కాబట్టే దానితో భాగించాం. చివర్లో దాన్నే సున్నా చేసేశామా? 1734లో జార్జ్ బర్క్‌లీ అనే ఐరిష్ బిషప్ న్యూటన్ కలన పద్ధతిని ఇలాగే నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. 1821లో ఫ్రెంచ్ గణితవేత్త కోషీ అవధి మీద కలనాన్ని నిలబెట్టేదాకా దానికి గట్టి జవాబు దొరకలేదు. మనం హెచ్‌ను ఎప్పుడూ సున్నా చేయం. అది సున్నాకు ఎంత దగ్గరైతే జవాబు టీ/5కి అంత దగ్గరవుతుంది, అంతవరకే అంటున్నాం. ఇంటర్‌లో ఎక్స్ స్క్వేర్‌కి టూ ఎక్స్ అని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళకి డిగ్రీలో టెన్షన్ మొదలయ్యేది ఈ ఒక్క మెట్టు దగ్గరే. రెండు రోజులు పట్టినా సరే, ఇది దాటాకే ముందుకు వెళ్ళండి.

ఇప్పుడు తాతయ్య లెక్క. 10 గంటలకు హెచ్చరిక మట్టానికి ఇంకా 1.15 అడుగులు ఉంది. గంటకు 0.8 చొప్పున ఎక్కితే 11 గంటల 26 నిమిషాలకు చేరాలి. మన సూత్రం ప్రకారం నిజానికి 11 గంటల 15 నిమిషాలకే చేరిపోతుంది. గొడ్లు తోలే మనిషికి ఆ పదకొండు నిమిషాలు చాలా ఎక్కువ.

తేడా ఎందుకొచ్చిందో ఆలోచించి రాయండి. తర్వాత 11 గంటల దగ్గర నిలబడి ఇదే అంచనా మళ్ళీ వేయండి. ఈసారి తేడా ఎంత వచ్చింది? వచ్చే పాఠం అక్కడి నుంచి మొదలు పెడదాం.